కూర్మారావు పేరు మీద

ఆశా కార్యకర్త రెండు కాగితాలూ కౌంటరు మీద పక్కపక్కన పెట్టి, అంచులు సమానంగా వచ్చేలా వేలితో సర్దింది. లక్ష్మీపూర్ నుంచి మొదటి బస్సెక్కి వచ్చింది. చీర అంచున బురద ఇంకా ఆరలేదు. ఆమె అరవలేదు. అరిచి ఉంటే కంప్యూటరు దగ్గరున్న వీణకు కొంచెం తేలికగా ఉండేది.

"ఇది మీరు బుధవారం ఇచ్చింది. ఇది నిన్న సర్కారు ఆసుపత్రిలో ఇచ్చింది," అంది ఒడియాలో. "మనిషి ఒక్కతే. మీరే చదవండి."

రెండింటి మీదా సొంబారి అనే పేరుంది. వయసు ఇరవై రెండు, ఏడో నెల. మొదటి కాగితంలో హిమోగ్లోబిన్ పదకొండు పాయింటు ఎనిమిది. రెండోదాంట్లో ఆరు పాయింటు నాలుగు.

ల్యాబు యజమాని కూర్మారావు కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దించి రెండూ చదివాడు. మళ్లీ చదివాడు. రాయగడ మెయిన్‌రోడ్డులో ఒకప్పుడు అతని తండ్రి చింతపండు అమ్మిన కొట్టే ఇప్పుడీ ల్యాబు. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లితే స్పిరిటు వాసన అడుగునుంచి చింతపండు వాసన ఇప్పటికీ తేలి వస్తుంది.

"బతికుందా?" అని అడిగింది పైడితల్లి, కౌంటరు కుర్చీలోంచి సగం లేచి.

"రక్తం ఎక్కిస్తున్నారు. మీ కాగితం చూసి వాళ్లత్త అంతా బాగుందనేసింది. నేను రెప్ప కిందికి లాగి చూశాను, తెల్లగా సున్నం వేసినట్టుంది. కాగితాన్ని నమ్మాలా, కంటిని నమ్మాలా అని రాత్రంతా ఆలోచించి, తెల్లారి బండెక్కించాను." ఆమె తన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. "పదకొండు ఊళ్ల ఆడవాళ్లను నేను మీ దగ్గరికే పంపుతున్నాను. ఇకమీదట పంపాలా వద్దా అన్నది ఆలోచించుకుంటాను."

ఆమె వెళ్లిపోయింది. లోపలి గదిలోంచి టెక్నీషియను దేబాశిష్ తన నోటుబుక్కు పట్టుకొచ్చి, బుధవారం పేజీ తెరిచి వేలు పెట్టి చూపించాడు.

"దేఖంతు సార్, చూడండి. నేను రాసింది సిక్స్ పాయింట్ ఫోర్. మెషీన్ కరెక్ట్, నేను కరెక్ట్. తప్పు అంతా టైపింగ్‌లో."

కూర్మారావు కంప్యూటరులో ఆ రిపోర్టు వెతికించాడు. వీణ తెరిచింది. దాని వివరాల్లో, చివరిగా మార్చినవారు అన్నచోట, కూర్మారావు అని ఉంది.

దేబాశిష్‌కు నవ్వు వచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకుని లోపలికెళ్లిపోయాడు.

"ఏటా నవ్వు? నా పేరుంటే నాను సేసినట్టేనా?" అన్నాడు కూర్మారావు. "మీరు ముగ్గురూ పొద్దుగూకులూ నా పేరు మీదే గదా కూకుంటారు!"

అది నిజమే. ఆ ల్యాబులో కంప్యూటరు ఒకటే, అందులో పేరు కూడా ఒకటే. పొద్దున ఎనిమిదింటికి కూర్మారావు స్నానం చేసి వచ్చి, కంప్యూటరుకు రెండు అగరుబత్తీలు చూపించి, తన పాస్‌వర్డు కొట్టి తెరుస్తాడు. మొదటి పేషెంటు పేరు తన చేత్తో తనే కొడతాడు. అది బోణీ. ఆ తర్వాత షట్టరు దించేదాకా ఆ పేరు మూయకూడదు. మధ్యలో మూస్తే కొట్టు మూసినట్టేనని అతని నమ్మకం. కాబట్టి పైడితల్లి పేషెంట్ల పేర్లు కొట్టినా, వీణ అంకెలు కొట్టినా, తీరిక దొరికి దేబాశిష్ తన అంకెలు తనే కొట్టుకున్నా, అన్నీ కూర్మారావు చేసినట్టే కంప్యూటరు రాసుకుంటుంది. రిపోర్టు కోసం కొత్త కాగితం ఎవరూ తెరవరు. పాతదొకటి తెరిచి, పేరు మార్చి, అంకెలు మార్చి, కొత్త పేరుతో దాచడమే అందరికీ అలవాటు. డాక్టరుగారు సాయంత్రం వచ్చి సంతకాలు చేస్తారు. మధ్యాహ్నం బస్సు అందుకోవాల్సిన వాళ్లకు మాత్రం సంతకం లేకుండానే ముందు ఒకటి ఇచ్చి పంపుతారు. సొంబారిది అలా వెళ్లిన కాగితమే.

కూర్మారావు చూపు అందరి మీదా తిరిగి పైడితల్లి మీద ఆగింది.

"నీకు అచ్చరాలే సరిగ్గా రావు. ఊడ్సుకుని, తుడ్సుకుని ఉండేదానివి. కొండోళ్ల దేశియా మాటాడతావని కౌంటర్లో కూకోబెట్టేను. ఈళ్లు నీకు కంప్యూటరు నేర్పేరు."

"నాను పేర్లే కొడతాను బాబూ. అంకెల జోలికి ఎల్లను."

"ఎల్లలేదని రుజువేటి?"

పైడితల్లి స్క్రీను వైపు చూసింది. అక్కడ కూర్మారావు అన్న పేరు తప్ప ఇంకేమీ లేదు.

"రేపట్నుంచి కంప్యూటరు ముట్టుకోకు. స్లైడ్లు, గొట్టాలు కడుగు. నెలాకరికి ఆలోసిద్దాం."

నెలాఖరుకు ఆలోచించడమంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. కిందటేడు రక్తం తీసే కుర్రదాని విషయం కూడా ఒక నెలాఖరున ఆలోచించారు. ఆ తర్వాత ఆమె రాలేదు.

వీణ తల ఎత్తలేదు. బుధవారం ఆ రిపోర్టు ప్రింటు ఇచ్చింది తను. తెరిచేసరికి అంకెలన్నీ నిండుగా ఉన్నాయి. ఎవరో కొట్టేశారనుకుంది. బస్సు వెళ్లిపోతుందని సొంబారి అత్త తలుపు దగ్గర తొందరపెడుతోంది. కాగితం యంత్రంలోంచి వేడిగా బయటికొచ్చింది, తీసి చేతికిచ్చింది. ఆ మాట చెప్పడానికి నోరు తెరవాలనుకుంది. ఆలోగా పైడితల్లి కుర్చీ వెనక్కి జరిపి లేచి, ఎవరినీ చూడకుండా పెరటి కొళాయి వైపు వెళ్లిపోయింది.

శనివారం కౌంటరు కుర్చీలో వీణ కూర్చుంది. రామనగుడ బడిలో చదివిన ఒడియా ఆమెకు బాగానే వచ్చు. కానీ ల్యాబుకు వచ్చేవాళ్లలో సగం మందికి అది పుస్తకాల భాష. ఒక ముసలామె తన పేరు మూడుసార్లు మూడు రకాలుగా చెప్పింది. ఒకాయన పరగడుపున వచ్చావా అని అడిగితే ఔనని తలూపి, తర్వాత పంచె మడతలోంచి సగం తిన్న అరటిపండు తీశాడు. పైడితల్లి అయితే ముందు ఏ ఊరని అడుగుతుంది, ఆ ఊళ్లో ఎవరింటి పక్కన అని అడుగుతుంది, నవ్విస్తుంది, ఆ నవ్వులో మిగతాదంతా రాబడుతుంది. పదకొండు గంటలకల్లా జనం రోడ్డు దాకా నిలబడ్డారు.

మధ్యాహ్నం వీణ పెరట్లోకి వెళ్లింది. పైడితల్లి పీట మీద కూర్చుని గొట్టాలు ఒక్కొక్కటే వెలుగుకెత్తి చూస్తూ కడుగుతోంది. మరక కనిపిస్తే సన్న బ్రష్షు లోపలికంటా తోసి తిప్పుతోంది.

"పిన్నీ, బుధవారం ఆ ప్రింటు ఇచ్చింది నాను."

"తెలుసు."

"ఎలగ తెలుసు?"

"ప్రింటరు కాడ నువ్వే ఉన్నావు గదా. నాకు కళ్లు నేవేటి?"

"మరి బాబుతో సెప్పలేదేం?"

పైడితల్లి గొట్టం బోర్లించి నీళ్లు వంపేసింది. "నువ్వు సెప్తావేమోనని సూసేనమ్మీ," అంది. కోపంగా అనలేదు. మార్కెట్లో కూర ధర చెప్పినట్టు అంది.

వీణ కొళాయి గట్టు మీద కాసేపు నిలబడింది. ఇప్పుడు వెళ్లి తనే ప్రింటు ఇచ్చానని చెప్పొచ్చు. చెప్పినా అంకెలు కొట్టిందెవరో తేలదు. అంకెలు నువ్వే కొట్టావా అని కూర్మారావు అడిగితే, కాదనడానికి తన దగ్గరా రుజువు లేదు. ఆ రోజు ముప్ఫైకి పైగా రిపోర్టులు కొట్టింది. ఒకవేళ తనే ముందు కొట్టి మరిచిపోయిందేమో కూడా. తన మీదకు వచ్చినా సరే, ఈ పని ఎవరిదో తేలాలి. గుణుపూరులో ఆరునెలలు కంప్యూటరు నేర్చుకున్నప్పుడు ఒక మిషను మీద అయిదుగురు కూర్చునేవాళ్లు. అయిదుగురికీ అయిదు పేర్లుండేవి. ఒకరి పని ఒకరికి అంటేది కాదు.

ఆమె లోపలికి వెళ్లి కూర్మారావు ఎదుట నిలబడింది.

"సార్, కంప్యూటర్లో అందరికీ వేరే వేరే పేర్లు పెడదామండి."

"ఏటి?"

"ఎవరి పేరు మీద వాళ్లే కూకుంటారు. ఎవరి పాస్‌వర్డు వాళ్లది. తప్పొస్తే ఎవరి చేతిదో తెలిసిపోతాది."

కూర్మారావు కుర్చీలో వెనక్కి వాలాడు. "నా పేరు మూసీసి నువ్వు కూకుంటావా? మిట్టమద్దేనం? బాగుందమ్మీ. షట్టరు కూడా దించీసి ఎల్దాం."

"మూయక్కర్లేదు సార్." వీణ మానిటరు తన వైపు తిప్పుకుంది. "మార్చడం వేరు, మూయడం వేరు. మీ పేరు కింద తెరిచే ఉంటాది. మా పేరు దాని పైన తెరుచుకుంటాది. సాయంత్రం మీరొచ్చి చూసుకుంటే పొద్దున ఎక్కడ వదిలీరో అక్కడే ఉంటాది."

"సూపించు."

ఆమె అక్కడికక్కడే ఒక ఉత్తుత్తి పేరు పెట్టి, దానిలోకి మారి, మళ్లీ వెనక్కి వచ్చి చూపించింది. కూర్మారావు పొద్దున తెరిచిన దేవుడి బొమ్మ, దాని పక్కన సగం చదివిన పేపరు, అన్నీ అలాగే ఉన్నాయి. అతను కళ్లజోడు సర్దుకుని దేవుడి బొమ్మను ఒకసారి, వీణను ఒకసారి చూశాడు.

"లక్ష్మీపూరావిడ ఇవాళ ఒక్కర్ని కూడా పంపనేదు," అన్నాడు, తనలో తను అన్నట్టు. తర్వాత, "సరే. ఆదివారం మద్దేనం పెట్టు. నాను కూడా ఉంటాను."

ఆదివారం పన్నెండుకల్లా పేషెంట్లు అయిపోయారు. కూర్మారావు పాస్‌వర్డు కొట్టి, కుర్చీ వీణకిచ్చి, పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. వీణ ఒక కాగితం మీద ముందే గీసుకొచ్చింది. పైన పేర్లు, పక్కన అరలు, అంటే కంప్యూటర్లో ఫోల్డర్లు. పేర్ల అర, ఫలితాల అర, పూర్తయిన రిపోర్టుల అర. ఎవరు ఏ అర తెరవొచ్చు, ఎవరు రాయొచ్చు, ఎవరు చదవడం వరకే అన్నది ఒక్కో గడిలో రాసుంది.

"కౌంటరు వాళ్లు పేర్ల అరలో రాస్తారు. ఫలితాల అర వాళ్లకు తెరుచుకోదు. నేనూ దేబాశిష్ బాబూ ఫలితాల్లో రాస్తాం. పూర్తయినవి అందరూ చదవొచ్చు, ప్రింటు ఇవ్వొచ్చు, మార్చడానికి లేదు."

"నాకు?"

"మీకేం కావాలి సార్?"

"అన్నీ కావాల! నా కొట్టులో నాకు నేని తాళమేటి?"

వీణ కూర్మారావు పేరు ఎదుట అన్ని గడుల్లోనూ టిక్కు పెట్టింది. దేబాశిష్‌కు ఒక పేరు తయారు చేసింది. తనకొకటి చేసుకుంది.

"నీకు తక్కువే పెట్టుకున్నావ్," అన్నాడు దేబాశిష్ వెనక నుంచి తొంగి చూస్తూ. "ఛాన్స్ దొరికింది కదా, నువ్వు కూడా అన్నీ పెట్టుకోవాలి. నేనైతే పెట్టుకుందును."

"నా పనికి ఇది చాలు."

నాలుగో పేరుకు ఆమె పైడితల్లి అని కొట్టింది. కూర్మారావు స్టూలు మీంచి ముందుకు వంగాడు.

"దానికెందుకు? ముట్టుకోవద్దన్నాను గదా."

వీణ ఈ ప్రశ్నకు జవాబు నిన్న సాయంత్రమే సిద్ధం చేసుకుంది. "పేరు లేకపోతే తప్పు చేసినా దొరకదు కదండీ. జనం ఎక్కువైతే ఎలాగూ పిన్నిని పిలవాల్సిందే. నిన్న రోడ్డు దాకా నిలబడ్డారు. మళ్లీ మన పేర్ల మీద కూర్చుంటే మళ్లీ అదే గొడవ."

కూర్మారావు గడ్డం గోక్కున్నాడు. "అదీ నిజమే. పెట్టు. ఈసారి దొరకాల. జనం ఎక్కువైనప్పుడు మాత్తరమే కూకోవాల, తెలిసిందా? కడుగుడు కడుగుడే."

పైడితల్లిని పిలిచారు. ఆమె చేతులు చెంగుకు తుడుచుకుంటూ వచ్చి, పాస్‌వర్డు కొట్టడానికి కూర్చుంది. ఒక్కొక్క మీట వెతికి వెతికి నొక్కుతోంది.

"మావుసీ, ఎంత పెద్దది పెడుతున్నావు? రామాయణం రాస్తున్నావా?" అన్నాడు దేబాశిష్.

"నీలాగ పెళ్లి కుదరని పిల్ల పేరు పెట్టుకోడానికి నాకేటి కర్మ?"

కూర్మారావు కూడా నవ్వాడు. వీణ అందరూ లేచాక ఇంకో గంట ఉండిపోయింది. ఒక్కొక్క పేరులోకీ వాళ్లనే పిలిచి తెరిపించి, రాయకూడని అరలో రాయించి చూసింది. పైడితల్లి పేరు మీద ఫలితాల అర నొక్కితే, మీకు అనుమతి లేదు అని వచ్చింది. తన పేరు మీద పూర్తయిన రిపోర్టు మార్చబోతే, మీకు అనుమతి లేదు అని వచ్చింది. ఆ మాట కనిపించిన ప్రతిసారీ కాగితం మీద ఒక టిక్కు పెట్టింది.

సోమవారం గజిబిజిగా నడిచింది. దేబాశిష్ రెండుసార్లు వీణ పేరు మీదే కూర్చుని అంకెలు కొట్టబోయాడు. రెండుసార్లూ వీణ చెయ్యి అడ్డం పెట్టింది. పదింటికి జనం పెరిగేసరికి కూర్మారావే పెరట్లోకి కేక వేశాడు. పైడితల్లి వచ్చి తన పేరు తెరిచి కూర్చుంది, నలభై నిమిషాల్లో గది ఖాళీ చేసింది, మళ్లీ కొళాయి దగ్గరికి వెళ్లింది. కూర్మారావు గంటకోసారి వచ్చి ఫలితాల అరలో వరుసగా ఉన్న పేర్లు చూసుకున్నాడు. ఎవరు రాశారన్న గడిలో వీణ, వీణ, దేబాశిష్, వీణ. పైడితల్లి పేరు ఎక్కడా లేదు. ఉండే వీలే లేదు. అయినా అతను ప్రతిసారీ కిందిదాకా వెతికాడు.

మంగళవారం ఎనిమిదిన్నరకు మొదటి పేషెంటు వచ్చాడు. టికిరి వైపు నుంచి వచ్చిన ముసలాయన, కాళ్ల వాపు. కూర్మారావు అగరుబత్తీలు చూపించి, బోణీ చేసి, తన పేరు అలాగే ఉంచి టీకి వెళ్లాడు. దేబాశిష్ ముసలాయన మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి సూది గుచ్చాడు. రక్తం గొట్టంలోకి నెమ్మదిగా ఎక్కుతోంది.

వీణ తన పేరులోకి మారి ఫలితాల అర తెరిచింది. అందులో అప్పుడే ముసలాయన పేరుతో ఒక రిపోర్టుంది. ఇవాళ్టిది ఇంకా ఏదీ ఉండకూడదు. తెరిచింది. అంకెలన్నీ నిండుగా ఉన్నాయి. హిమోగ్లోబిన్ పదమూడు పాయింటు ఒకటి.

ఆమె తల తిప్పి లోపలి గదిలోకి చూసింది. దేబాశిష్ అప్పుడే సూది తీసి దూది నొక్కుతున్నాడు. గొట్టం ఇంకా అతని ఎడమచేతిలోనే ఉంది.

ఎవరు రాశారన్న గడిలో కూర్మారావు అని ఉంది. ఈసారి ఆ పేరు మీద ఇంకెవరూ కూర్చోలేదు.

వీణ తొందరపడలేదు. సోమవారం సాయంత్రం చివరి రిపోర్టు తెరిచింది. అది రైల్వే కాలనీ నుంచి వచ్చిన ఒకామెది. పదమూడు పాయింటు ఒకటి. మిగతా అంకెలు కూడా అవే, ఒక్కటీ తేడా లేదు. రెండూ ప్రింటు ఇచ్చింది. తర్వాత కిందటి వారానికి వెళ్లింది. బుధవారం మొదటి పేరు సొంబారి. మంగళవారం సాయంత్రం చివరి పేరు ఎవరో కుర్రాడిది. అతనికి పదకొండు పాయింటు ఎనిమిది. ఆ రెండూ కూడా ప్రింటు ఇచ్చింది. మిగతా రోజుల బోణీ రిపోర్టులు కూడా తిరగేసింది. వాటిలో అంకెలు మారి ఉన్నాయి. దేబాశిష్ నోటుబుక్కు తెరిచి, తనో అతనో దిద్దేశారు. ఆ ఒక్క బుధవారమే బస్సు తొందరలో ఎవరూ దిద్దలేదు. అందరూ ఇంకొకరు దిద్దారనుకున్నారు.

నాలుగు కాగితాలు. వాటిని జతలుగా కౌంటరు మీద పెట్టింది. దేబాశిష్ దగ్గరికెళ్లి ముసలాయన గొట్టం అడిగి తీసుకుంది. "ఏం చేస్తావు?" అని అతనడిగాడు. "ఒక్క నిమిషం," అంది. గొట్టం నిలబెట్టే చెక్కతో సహా తెచ్చి కాగితాల పక్కన పెట్టింది.

కూర్మారావు టీ తాగి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. "ఏటమ్మీ ఇదంతా? కొట్టు పెట్టేవేటి?"

"సార్, ఈ తాతగారి రక్తం ఇప్పుడే తీశారు. మిషనులో ఇంకా పెట్టలేదు. రిపోర్టు అప్పుడే వచ్చేసింది."

కూర్మారావు గొట్టాన్ని చూశాడు. కాగితం చూశాడు. పక్క కాగితం చూశాడు. కళ్లజోడు దించాడు. రెండో జతలో సొంబారి పేరు దగ్గర అతని వేలు ఆగిపోయింది.

"బోణీ రిపోర్టు మీరు దేని మీద చేస్తారు సార్?" అని అడిగింది వీణ. గొంతు పెంచలేదు.

"నిన్నటి ఆకరిదాని మీద." అతని మాట నెమ్మదించింది. "కాళీ కాయితం మీద బోణీ సెయ్యకూడదు. మా నాయన ఏనాడూ కాళీ త్రాసు ఎత్తనేదు. రాత్రి ఆకరి పిసరు చింతపండు త్రాసులోనే వొదిలీసి, తెల్లారి దాని మీదే కొత్తది ఏసీవోడు. నిండుదాని మీద మొదలెడితే రోజంతా నిండుగా ఉంటాదని. నానూ అలాగే... పేరొక్కటీ మార్చి దాసీవోణ్ని. అంకెలు మీరెలాగూ కొడతారు గదా అని."

"కొట్టాలి సార్. ఆ రోజు నేను కొట్టలేదు. అంకెలున్నాయి కదా, ఎవరో కొట్టేశారు అనుకున్నాను. నోటుబుక్కుతో పోల్చకుండా ప్రింటు ఇచ్చేశాను. అది నా తప్పు. శుక్రవారమే చెప్పాల్సింది, చెప్పలేదు." వీణ పెరటి గుమ్మం వైపు చూసింది. పైడితల్లి ఎప్పుడొచ్చిందో, తడి చేతులతో అక్కడ నిలబడి ఉంది. "పిన్ని ఆ రిపోర్టు ముట్టుకోనేలేదు."

బెంచీ మీద కూర్చున్న జనానికి తెలుగు రాకపోయినా విషయం పెద్దదని అర్థమైనట్టుంది. దూది నొక్కుకుంటూ ముసలాయన తన గొట్టం వైపే చూస్తున్నాడు.

కూర్మారావు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. రెండో జత ఇంకోసారి చదివాడు. ఆ తర్వాత, "నా తాళం తీసెయ్యి," అన్నాడు. "ఫలితాలది. నాకొద్దు."

"నేను తీయలేనండి. నా పేరుకు ఆ అనుమతి లేదు. మీరే తీసుకోవాలి."

ఆమె కుర్చీ ఖాళీ చేసింది. అతను తన పేరులోకి మారాడు. ఎక్కడ నొక్కాలో వీణ వేలు తెరకు తగలకుండా చూపించింది. తన పేరు ఎదుట వరుసగా ఉన్న టిక్కుల మీద అతను మౌసు తెచ్చి ఆపాడు.

"మళ్లీ కావాలంటే?"

"మళ్లీ మీరే పెట్టుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు."

"అప్పుడు తియ్యడం ఏటికి?"

"పెట్టుకోవాలంటే ఇన్ని తలుపులు తియ్యాలి కదండీ. అలవాటుగా చెయ్యి జారదు."

కూర్మారావు చిన్నగా ముక్కుతో నవ్వి టిక్కు తీసేశాడు. తర్వాత ఫలితాల అర నొక్కి చూశాడు. మీకు అనుమతి లేదు అని వచ్చింది. ఇంకోసారి నొక్కాడు. మళ్లీ అదే వచ్చింది. దేబాశిష్ ఈసారి దగ్గలేదు.

"బోణీ పేర్ల అరలో చెయ్యండి సార్. మీ చేత్తోనే."

"అందులో కాళీ కాయితమే ఉంటాది గదా."

"ఖాళీదేనండి."

అతను పేర్ల అర ఒకసారి తెరిచి చూసుకున్నాడు. జేబులోంచి ఫోను తీసి, అంకెలు వెతికి, చెవికి పెట్టుకున్నాడు. అవతల లక్ష్మీపూర్ ఆశా కార్యకర్త ఎత్తింది. కూర్మారావు ఒడియాలో మాట్లాడాడు. కొట్టులో బేరాలాడి ఆడి పదునెక్కిన ఒడియా అది. ఇవాళ మాత్రం మాట మాటకీ మధ్య ఆగుతోంది.

"బుధవారం కాగితం సంగతి. తప్పెక్కడుందో తెలిసింది... మా ల్యాబులోనే." ఆగాడు. అవతల ఏదో అడిగింది. కూర్మారావు గదిలో ఒక్కొక్కరినీ చూశాడు. చూపు పైడితల్లి దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. "ఎవరో కాదు. నేనే. నా చేత్తో, నా పేరు మీద."

ఆ తర్వాత చాలాసేపు విన్నాడు. తల ఊపుతూ విన్నాడు. చివరికి ఫోను పైడితల్లి వైపు చాచాడు. "నీతో మాటాడతాదంట."

పైడితల్లి చెంగుతో వేళ్లు తుడుచుకుని ఫోను అందుకుంది. దేశియాలో మాట్లాడింది. మొదట ఒక్కొక్క మాట, తర్వాత గబగబా. ఒకచోట నవ్వింది. ఫోను చేత్తో మూసి వీణకు చెప్పింది: "ఆ పిల్ల లేచి కూకుందంట. అంబలి తాగి, ఇంకా కావాలందంట."

మళ్లీ వింది. ఈసారి నవ్వు ఆగిపోయింది. ఫోను గుండెకు ఆనించుకుని కూర్మారావు వైపు తిరిగింది.

"బాబూ, వొచ్చే బుధవారం ఆ పిల్లనీ, ఇంకో నలుగుర్నీ తెస్తాదంట. కౌంటర్లో నానుంటేనే తెస్తాదంట, నేపోతే వేరే సోటికి ఎల్తాదంట. అప్పటికి నాను కౌంటర్లో ఉంటానా, గొట్టాల కాడ ఉంటానా, అసలు ఉంటానా అని అడుగుతంది. ఏటి సెప్పమంటారు?"

కౌంటరు కుర్చీలో కూర్చున్నది కూర్మారావే. అతను మౌసు మీంచి చెయ్యి తీశాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. బెంచీల మధ్య దారి ఇరుకు కాబట్టి ఆమె లోపలికి రావడానికి పక్కకు ఒదిగి, వీపు గోడకు ఆనించి నిలబడ్డాడు.

పైడితల్లి వచ్చి కూర్చుంది. తన పేరు మీద నొక్కి, ఒక్కొక్క మీట వెతుక్కుంటూ పాస్‌వర్డు కొట్టింది. తెర తెరుచుకున్నాక ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని దేశియాలో ఒక్క మాట చెప్పింది. ఆ ఒక్క మాట వీణకు కూడా అర్థమైంది. ఉంటాను.

తర్వాత బెంచీ మీద రెండో మనిషిని చేత్తో పిలిచి, ఏ ఊరని అడిగింది.